‘పర్లేదండీ’ అన్న అతిథికి మనం ఎంత బాకీ? తిరుపతి లాడ్జీ కౌంటర్ నుంచి ఒక మార్గదర్శి

తిరుపతిలో లాడ్జీ కౌంటర్ వెనక కూర్చుంటే రోజుకు నాలుగు భాషల్లో ఒకే మాట వినిపిస్తుంది. గుంటూరు ఆయన ‘పర్లేదండీ’ అంటాడు. వేలూరు ఆయన ‘పరవాయిల్లె’, కోలారు ఆవిడ ‘పర్వాగిల్ల’, నాగపూర్ కుటుంబం ‘కోయీ బాత్ నహీ’. వేడినీళ్లు రాలేదనో, గది మారిందనో, బండి గంట లేటయిందనో మనం నసుగుతుంటే వాళ్లిచ్చే జవాబు అది. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఆ మాట వినగానే ఊపిరి పీల్చుకుంటారు. కొందరి విషయంలో గొడవ నిజంగానే అక్కడితో సరి. ఇంకొందరు ఆ మాట అని, తాళం చెవి అప్పజెప్పి, ఇంటికెళ్లి బంధువులందరికీ చెప్పి, మళ్లీ మన గుమ్మం తొక్కరు.

నేను ఈ పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. రిసెప్షన్‌తో మొదలుపెట్టి ఇప్పుడు చిన్న లాడ్జీల, ట్రావెల్స్ ఆఫీసుల సిబ్బందికి నేర్పుతున్నాను. సేవలో లోపం జరిగినప్పుడు ఏ ప్రాంతం వాళ్లకు ఏం ఇచ్చి సర్దుకోవాలన్నది వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న. ‘ఎంత తగ్గించాలి సార్?’ అని అడుగుతారు. నా లెక్కలో అది తర్వాతి ప్రశ్న. మొదటిది, ఆ మనిషికి పోయిందేమిటి అన్నది. పోయింది డబ్బయితే డబ్బే ఇవ్వాలి. టైము పోతే టైము, పరువు పోతే పరువు. ఒకటి పోతే ఇంకోటి ఇవ్వబోతాం కాబట్టే రూపాయి ఖర్చయ్యీ తిట్లు తప్పవు.

మొదటి అడుగు: పోయిందేమిటో కనుక్కోండి

కొన్నేళ్ల కిందట, తమిళుల పెరటాసి నెలలో మూడో శనివారం. ఆ నెలలో తమిళనాడు సగం మన ఊళ్లోనే ఉంటుందని మీకు చెప్పక్కర్లేదు. మదురై నుంచి పద్నాలుగు మంది దిగారు, మూడు తరాలు. నాలుగు గదులకు ముందే డబ్బు కట్టారు. తీరా చూస్తే ఒక గదిలో ఉన్నవాళ్లు కొండ మీద క్యూలో ఇరుక్కుపోయి ఖాళీ చేయలేదు. క్యూలోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కదా, ఫోన్ చేసినా పలికేవాళ్లు లేరు. నాలుగో గది పక్క వీధిలో వేరే లాడ్జీలో చూపించాం.

మా కౌంటర్ కుర్రాడు చురుకైనవాడు. నాలుగో గది డబ్బు మొత్తం లెక్కపెట్టి, పైన ఐదొందలు కలిపి, బల్ల మీద పెట్టి ‘తీసుకోండి సార్’ అన్నాడు. కొడుకులు, కోడళ్లు, కొత్తల్లుడు అందరూ చూస్తున్నారు. పెద్దాయన నోట్ల వైపు చూడను కూడా లేదు. ‘నాన్ కాసు కేట్టేనా?’ అన్నాడు. నేను డబ్బు అడిగానా అని. తర్వాత ఎవరు ఏం చెప్పినా వినలేదు.

లెక్క ప్రకారం ఆ కుర్రాడు చేసింది తప్పు కాదు. కానీ ఆయనకు పోయింది గది అద్దె కాదు. ‘అన్నీ నేను చూసుకుంటా’ అని ఇంటిల్లిపాదికీ మాటిచ్చి తీసుకొచ్చిన పెద్దరికం అది. మేనేజర్ బయటికొచ్చి, ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, విషయం ఆయనొక్కడికే చెప్పి, ‘ఎవరిని ఏ గదిలో పెట్టమంటారో మీరు చెప్పండయ్యా’ అని ఉంటే సగం బాకీ అక్కడే తీరేది. డబ్బు తర్వాత పెద్దకొడుక్కి నెమ్మదిగా ఫోన్‌పేలో పంపితే సరిపోయేది.

అందుకే మా శిక్షణలో మొదటి పని ఒక చిన్న చీటీ. ఫిర్యాదు రాగానే దాని మీద ఐదింటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి: డబ్బు, టైము, సుఖం, మర్యాద, ఆచారం. రెండింటికి టిక్కు పడొచ్చు. ఏదీ తేలకపోతే అతిథినే అడగండి, ‘మీకు దీనివల్ల ఏం ఇబ్బందైంది?’ అని. ‘ఏం కావాలి?’ అని అడగొద్దు. ఆ ప్రశ్న వింటే మర్యాదస్థుడు సిగ్గుపడతాడు, బేరగాడు చెలరేగుతాడు.

రెండో అడుగు: మొదటి పది నిమిషాలు

కౌంటర్ దాటి బయటికి రండి. మధ్యలో బల్ల ఉన్నంతసేపూ మీరు ఆఫీసు, ఆయన అర్జీదారు.

తర్వాత చెప్పుకోనివ్వండి. మధ్యలో అందుకోవద్దు. దీనికి పరిశోధన ఆధారమూ ఉంది. 2001లో మైకేల్ హుయ్, కెవిన్ ఆవ్ అనే ఇద్దరు చైనా, కెనడా కస్టమర్లను పోల్చి చూశారు. తమ గోడు పూర్తిగా చెప్పుకునే అవకాశం చైనావాళ్ల మీద ఎక్కువ పనిచేసింది, నష్టపరిహారం కెనడావాళ్ల మీద ఎక్కువ పనిచేసింది. 2004లో అన్నా మట్టిలా, పాల్ ప్యాటర్సన్ అమెరికా, తూర్పు ఆసియా కస్టమర్ల మధ్య చేసిన పోలికలోనూ డబ్బు రూపంలో పరిహారం అమెరికన్లనే ఎక్కువ మెప్పించింది. మన ఊరికి వచ్చే కుటుంబ యాత్రికులు, నా అనుభవంలో, ఈ విషయంలో కెనడా కంటే చైనాకే దగ్గర. వాళ్ల మాట పూర్తవకముందే డబ్బు మాట ఎత్తితే నోరు మూయించడానికి ఇస్తున్నట్టు ఉంటుంది.

ఇక తప్పు ఒప్పుకునే మాట. తెలుగులో ఇది కొంచెం చిక్కు. ‘సారీ’ అంటే భుజం తగిలినప్పుడు అనే మాట. ‘క్షమించండి’ అంటే నాటకంలో డైలాగు. ‘తప్పయిపోయిందండి, మాదే పొరపాటు’ అంటే మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. తమిళులతో ‘మన్నిచ్చిడుంగ’, కన్నడిగులతో ‘తప్పాయ్తు, క్షమిసి’, హిందీవాళ్లతో ‘గల్తీ హమారీ హై’. భాష రాకపోయినా ఈ ఒక్క ముక్క ఆ భాషలో అనండి. మిగతాది తెలుగులో చెప్పినా వింటారు.

ఎవరు చెబుతున్నారన్నదీ ముఖ్యమే. పెద్దా చిన్నా తేడా పాటించే కుటుంబాల్లో రిసెప్షన్ కుర్రాడు పదిసార్లు చెప్పేదానికంటే మేనేజర్ ఒక్కసారి చెప్పడం ఎక్కువ. ఉత్తరాది నుంచి, తమిళనాడు నుంచి వచ్చే పెద్దలు ‘ఓనర్ ఎక్కడ?’ అని అడిగేది అందుకే. బెంగళూరు ఐటీ జంటకు ఈ పట్టింపు తక్కువ. వాళ్లకు ఎవరు చెప్పారన్నది కాదు, ఎంత తొందరగా తేలిందన్నది లెక్క.

కారణం ఒక్క వాక్యంలో చెప్పండి, అదీ నిజమైన కారణం. ‘పవర్ పోయింది సార్’ అనేది మన ఊళ్లో ప్రతి లోపానికీ వాడే మాట. జనరేటర్ మోగుతుండగా ఈ మాట అన్నవాళ్లను కూడా చూశాను.

మూడో అడుగు: డబ్బు లెక్క

డబ్బు విషయంలో నా పద్ధతి సాదా. కట్టినదానికి రానిది ఏదో, దాని ధర ఖచ్చితంగా వెనక్కి ఇవ్వాలి. దాని పైన ఇచ్చేదే పరిహారం. ఈ రెంటినీ కలిపి చెప్పకూడదు. ఏసీ గది 1,800 రూపాయలు, నాన్ ఏసీ 1,200 అనుకుందాం. రాత్రి ఏసీ పనిచేయలేదు. 600 ఆయన సొమ్ము, అది మనం ఇచ్చే దానం కాదు. ‘మీకు 600 డిస్కౌంట్ ఇస్తున్నాం’ అన్నారంటే ఆయన డబ్బు ఆయనకే బహుమతిగా ఇస్తున్నట్టు. రైల్లో ఏసీ పాడైతే రైల్వే కూడా ఏసీ, నాన్ ఏసీ ఛార్జీల తేడా వెనక్కి ఇస్తుంది. ఆ తేడా తిరిగిచ్చాక, నిద్రలేని రాత్రికి ఏం ఇవ్వాలన్నది వేరే మాట.

పొద్దున వేడినీళ్లు రాకపోతే 200, 300. అదీ బకెట్లతో పైకి పంపాకే. వేడినీళ్లు పంపకుండా డబ్బు పంపితే తిక్క రేగుతుంది. ఒప్పుకున్న గది లేకపోతే కట్టిన డబ్బు పూర్తిగా, పక్క లాడ్జీలో ఎక్కువైన అద్దె, ఆటో ఖర్చు, సామాను మోసే మనిషి, ఇవన్నీ మనవే. బండి రాకపోతే వేరే బండి ఖర్చు మొత్తం మనదే.

కౌంటర్ మీద ఉన్న మనిషికి ఎవరినీ అడగకుండా ఖర్చు చేసే హక్కు ఇవ్వండి. రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్లలో ఒక్కో అతిథి సమస్య తీర్చడానికి ఉద్యోగికి 2,000 డాలర్ల దాకా ఆ స్వేచ్ఛ ఉందని ప్రసిద్ధి. మనకు అంత అక్కర్లేదు, 500 రూపాయలు చాలు. ‘సార్‌ను అడిగి చెప్తా’ అని తెల్లవారుజామున నాలుగు గంటలకు కొండెక్కబోయేవాణ్ణి నిలబెట్టడం కన్నా ఆ 500 చవక.

యాప్‌లో బుక్ చేసుకున్నవాళ్ల దగ్గర ఒక మెలిక ఉంది. మనం వెనక్కి ఇచ్చిన డబ్బు యాప్ ద్వారా వెళితే వాళ్ల ఖాతాలో పడేసరికి రోజులు పడుతుంది. ఈలోగా వాళ్ల దృష్టిలో మనం ఎగ్గొట్టినవాళ్లమే. కొంత భాగం అప్పటికప్పుడు యూపీఐలో వేసి, మిగతాది ఎప్పటికి వస్తుందో తేదీతో మెసేజ్ పెట్టండి. బిల్లు కొట్టేశాక అందులో డబ్బు తగ్గిస్తే, తగ్గించినట్టు చూపే క్రెడిట్ నోట్ రాయాలి, జీఎస్టీ లెక్క తేలాలి కదా. ఆ సంగతి మీ ఆడిటర్ చూసుకుంటారు, అతిథికి అదంతా చెప్పొద్దు.

మన ఊళ్లో డబ్బు కంటే విలువైనది: గంటలు

తిరుపతి లాడ్జీల్లో చాలా చోట్ల 24 గంటల లెక్క. సాయంత్రం ఆరుకు దిగితే మర్నాడు ఆరుకు ఖాళీ చేయాలి. క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. వైకుంఠం కాంప్లెక్స్‌లో కూర్చున్నవాడికి స్వామి మీద ఎంత ధ్యాసో, కింద గది గడియారం మీదా అంతే. అలాంటివాడికి ‘మీరు ఎప్పుడొచ్చినా పర్లేదు, ఆరు గంటలు అదనంగా ఉంచాం’ అనే మాట వెయ్యి రూపాయల పెట్టు. ఇంతలా పనికొచ్చే పరిహారం నాకు ఇంకోటి తెలియదు. గది ఇవ్వలేని రోజున స్నానానికి ఒక బాత్‌రూమ్, సామానుకు తాళం వేసిన చోటు, ముసలివాళ్లు నడుం వాల్చడానికి రెండు మంచాలు ఇచ్చినా అంతే. ఫోన్‌లో దొరకరు కాబట్టి కొండెక్కక ముందే ఈ మాట చెప్పి, చీటీ రాసి ఇవ్వండి.

నాలుగో అడుగు: ఎవరికి ఏది

ఇక్కడ ఒక హెచ్చరిక. హాఫ్‌స్టీడ్ అనే డచ్ పరిశోధకుడు 1967, 1973 మధ్య జరిగిన ఐబీఎం ఉద్యోగుల సర్వేల నుంచి దేశదేశాల సంస్కృతులకు అంకెలు కట్టాడు. ఆ అంకెలు దేశం మొత్తానికి సగటు. మీ ఎదురుగా నిలబడ్డ మనిషి సగటు కాదు. కాబట్టి కింద చెప్పేవి ఊహకు మొదటి మెట్టు మాత్రమే. మనిషి మాట వినగానే సరిదిద్దుకోవాలి.

తెలుగువాళ్లతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మనల్ని మనమే ఎక్కువ తప్పుగా అర్థం చేసుకుంటాం. మనకు మొహమాటం. ఇస్తే వద్దంటాం, ఇవ్వకపోతే గుర్తుపెట్టుకుంటాం. ఇచ్చేటప్పుడు రెండోసారి అడగండి. మొదటి ‘వద్దండీ’ మర్యాద, రెండోది అభిప్రాయం. లేదా అసలు అడక్కండి. బిల్లులో తగ్గించేసి ‘నిన్న ఇబ్బంది పడ్డారు కదా’ అని మాత్రం అనండి.

అమెరికా నుంచి వచ్చిన తెలుగువాళ్ల దగ్గర చాలామంది బోర్లా పడతారు. మన యాసలో ‘ఏం నాయనా, బాగున్నారా’ అంటాడు కాబట్టి మొహమాటపడతాడని అనుకుంటాం. పడడు. ఇరవై ఏళ్లుగా ఆయన చూసిన లోకంలో లోపం జరిగితే కార్డులోకి డబ్బు వెనక్కి వస్తుంది, ఈమెయిల్‌లో రెండు వాక్యాలు వస్తాయి. ఆయనకు పెద్దాయన మర్యాదలన్నీ చేసి డబ్బు మాట ఎత్తకపోతే తెలివిగా తప్పించుకున్నారనే అనుకుంటాడు. ఆయన వెంట వచ్చిన తల్లిదండ్రులకు మాత్రం మర్యాదే కావాలి. ఒకే గదిలో రెండు రకాల బాకీ! ఇద్దరికీ వేరువేరుగా తీర్చండి. యూరప్ వాళ్లకూ రాతపూర్వకమైన లెక్క అలవాటే. అక్కడ విమానం ఆఖరి నిమిషంలో రద్దయితే చాలా సందర్భాల్లో దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలని 2004 నాటి నిబంధనే కట్టిపెట్టింది. ‘ఏదో ఒకటి చూసుకుందాం సార్’ అంటే వాళ్లకు అర్థం కాదు.

శ్రీసిటీ పారిశ్రామికవాడ పుణ్యమా అని ఇప్పుడు మన జిల్లాలో జపాన్, కొరియా ఇంజినీర్లు తిరుగుతున్నారు. ఒక జపాన్ ఆయన రెండు రోజులు ఉన్నాడు, రెండు రోజులూ పొద్దున వేడినీళ్లు లేవు. మావాళ్లు వెంటనే సగం అద్దె తగ్గించారు. ఆయన థాంక్స్ చెప్పి, ‘ఎందుకు రాలేదు?’ అన్నాడు. ‘పవర్ కట్’ అన్నారు. సాయంత్రం మళ్లీ అడిగాడు. చివరికి ఎలక్ట్రీషియన్‌తో కలిసి నేనే చూస్తే గీజర్ కాయిల్ కాలిపోయి వారమైంది. ఆ సంగతి దాచకుండా చెప్పి, ఏం మార్చాం, ఇకపై నెలకోసారి ఎవరు చూస్తారు అని అరపేజీ రాసి ఇచ్చాం. ఆ కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. అద్దె తగ్గించినప్పుడు కనిపించని తృప్తి అప్పుడు కనిపించింది. జపాన్ వాళ్లతో వరస ఇది: ముందు తప్పు ఒప్పుకోలు, తర్వాత కారణం, ఆపైన మళ్లీ జరగకుండా ఏం చేస్తారన్నది. కారణం ముందు చెబితే సాకులా వినిపిస్తుంది. చిన్న స్వీట్ డబ్బా చేతికిస్తే బాగుంటుంది, వాళ్ల దేశంలోనూ తప్పు చెప్పుకోవడానికి వెళ్లేటప్పుడు అదే పట్టుకెళ్తారు. ఇంకో సంగతి, పెద్ద గది ఇస్తున్నామని సంబరపడి 404 తాళం ఇవ్వకండి. జపాన్‌లో, కొరియాలో నాలుగు చావును గుర్తుచేసే అంకె.

అంకెల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. తిరుచానూరులో ఒక పెళ్లివారికి టిఫిన్లు గంటన్నర ఆలస్యమయ్యాయి. వంటలవాళ్లు వెయ్యి రూపాయలు వెనక్కి ఇవ్వబోతే పెళ్లికూతురి తల్లి పుచ్చుకోలేదు. ‘శుభకార్యంలో సున్నాతో ఇస్తారా?’ అంది. 1,116 చేసి, పసుపు కుంకుమ పెట్టిన పళ్లెంలో ఇస్తే నవ్వుతూ తీసుకుంది. ఉత్తరాదివాళ్లయితే 1,101. బిల్లు తిరిగివ్వడంలో ఇది అక్కర్లేదు, పైసలతో సహా ఖచ్చితంగా ఇవ్వాలి. పైన ఇచ్చేదానికి మాత్రం గుర్తుంచుకోండి.

ఐదో అడుగు: ఆచారానికి దెబ్బ తగిలినప్పుడు

దీన్ని డబ్బుతో ముట్టుకోకూడదు. జైన కుటుంబానికి ఉల్లిపాయ వేసిన కూర వడ్డించారనుకోండి. పెరటాసి నెలంతా శాకాహారం పట్టిన తమిళాయన ఫ్రైడ్ రైస్‌లో కోడిగుడ్డు వచ్చిందనుకోండి. ‘బిల్లు వద్దు సార్’ అనడం అక్కడ అవమానమే. బిల్లు ఎలాగూ తీసుకోకూడదు, కానీ అది మొదటి మాట కాకూడదు.

చేయవలసింది ఇది. వంటమనిషిని, మేనేజర్‌ను ఇద్దరినీ తీసుకెళ్లండి. ఏం జరిగిందో దాచకుండా చెప్పండి. ‘కొంచెమే కదా’ అనే మాట చచ్చినా రానివ్వకండి. ఏది తిన్నారో, ఏది తినలేదో స్పష్టంగా చెప్పండి, వాళ్లు తమ పద్ధతిలో ప్రాయశ్చిత్తం చేసుకోవడానికి ఆ వివరం కావాలి. స్నానానికి ఏర్పాట్లు చేయండి. వేరే పాత్రల్లో కొత్తగా వండించండి, లేదంటే పళ్లు, పాలు పంపండి. కొందరు పరిహారం తమకు వద్దని, హుండీలో వేయమని అంటారు. వేయండి, నిజంగా వేయండి. వడ్డీకాసులవాడి ఊళ్లో ఆ బాకీ ఎగ్గొట్టే ధైర్యం నాకైతే లేదు.

దర్శనం తప్పిపోతే ఇంకా కష్టం. బండి రాక, నెలల ముందు ఆన్‌లైన్‌లో పట్టుకున్న 300 రూపాయల టికెట్ టైము దాటిపోయింది. పోయింది 300 కాదని వేరే చెప్పాలా? అప్పుడు మన నోటికి వచ్చే మొదటి మాట, ‘మాకు తెలిసినవాళ్లు ఉన్నారు, దర్శనం చేయిస్తాం.’ ఆ మాట అనకండి. దర్శనం మన సరుకు కాదు, మనం ఇవ్వలేం. దళారుల దగ్గరికి పంపితే అతిథి మోసపోతాడు, మన మీద కేసవుతుంది. మన చేతిలో ఉన్నవి వేరే. టీటీడీ వాళ్లను అడిగి ఆ రోజు ఏ దారి తెరిచి ఉందో కనుక్కోవడం, ఉచిత టోకెన్లు దొరికితే క్యూ దాకా మన బండిలో దించడం, ఇంకో రోజు ఉండాల్సివస్తే గది, భోజనం, మారిన రైలు టికెట్ తేడా భరించడం. ఇవన్నీ చేసినా కొందరి కళ్లల్లో నీళ్లు ఆగవు. అప్పుడు ఊరికే పక్కన నిలబడండి.

శ్రీవారి లడ్డూ పరిహారంగా ఇవ్వొచ్చా అని కూడా అడుగుతారు. భక్తులకు ఇస్తే చాలా సంతోషిస్తారు, అయితే మీరు కొండకు వెళ్లి తెచ్చినదై ఉండాలి, బ్లాకులో కొన్నది కాదు. మిగతావాళ్లకు శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ, లేదా చిత్తూరు మామిడి తాండ్ర బాగుంటాయి.

ఆరో అడుగు: కాగితం

వినియోగదారుల రక్షణ చట్టం 2019, అమల్లోకి వచ్చింది 2020 జూలై 20న. సేవలో లోపం మీద అతిథి రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. తిరుపతికే రావాలని లేదు, తాను ఉండే ఊళ్లోనే వేయొచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు చెప్పొచ్చు. కాబట్టి ‘ఇకపై ఫిర్యాదు చేయను’ అని సంతకం పెట్టించుకుంటే గండం గడిచిందనుకోకండి. రివ్యూ తీసేస్తేనే డబ్బు వెనక్కి ఇస్తామనడం అంతకన్నా పాడు పని, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ అయి తిరుగుతుంది. ఏం జరిగింది, ఏం ఇచ్చాం, ఎప్పుడు ఇచ్చాం అని మూడు లైన్లు వాట్సాప్‌లో పెట్టండి, చాలు.

ఏడో అడుగు: మూడో రోజు ఫోన్

ఇల్లు చేరి, బట్టలు ఉతుక్కుని, ప్రసాదం పంచిపెట్టే సమయం మూడో రోజు. యాత్ర కబుర్లు చెప్పుకునేదీ అప్పుడే. మేనేజర్ ఫోన్ చేసి ‘క్షేమంగా చేరారా? దర్శనం బాగా జరిగిందా?’ అని ముందు అడగాలి. లోపం మాట తర్వాత. ‘పర్లేదండీ’ అన్నవాళ్లలో సగంమంది అసలు సంగతి అప్పుడు చెబుతారు. ఎదురుగా ఉన్నప్పటి మొహమాటం ఫోన్‌లో ఉండదు. విన్నది రిజిస్టర్‌లో రాయండి.

మా రిజిస్టర్ మూడేళ్లు తిరగేస్తే తేలింది ఒక్కటే. పెద్ద గొడవలన్నీ పెరటాసి శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లోనే, అన్నీ గది లేకపోవడం వల్లే. అప్పటి నుంచి ఆ రోజుల్లో ఒక గదికి రాత్రి తొమ్మిది దాకా తాళం వేసి ఉంచమంటున్నాను. ఎవరికి ఎక్కడ మాట తప్పినా చూపించడానికి ఒక తలుపు ఉంటుంది. మూడింతలు అద్దె పలికే రోజున గది ఖాళీగా ఉంచమంటే యజమాని ఎలా చూస్తాడో నాకు తెలుసు. ఆయన్ను ఒప్పించే పాట్లు మాత్రం మీవే.